ఇంట్లోనే కారు స్పార్క్ ప్లగ్‌లు మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు, సీఎన్‌జీ కార్ల స్పార్క్ ప్లగ్‌లను (ఇంధనాన్ని నిప్పురవ్వతో అంటించే భాగాలను) సొంతంగా మార్చుకోవాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న కార్లను, ముఖ్యంగా స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, బాలెనో వంటి వాటిలోని మారుతి కే-సిరీస్ ఇంజిన్లను దృష్టిలో పెట్టుకొని వీటిని రాశాం. ఇతర కార్లలో అమరిక మారవచ్చు గానీ పద్ధతి మారదు.

ఈ పని నిజంగా ఇంట్లో చేసుకోదగినదేనా?

అవును. ఇంజిన్ పైకప్పు మీదే కాయిల్స్ (ప్లగ్‌లకు ఎక్కువ వోల్టేజి పంపే భాగాలు) వరుసగా కనిపించే కారయితే, మొదటిసారి చేసేవారికి కూడా గంట, గంటన్నరలో పని పూర్తవుతుంది. అయితే ఒక విషయం ముందే మనసులో ఉంచుకోవాలి. ప్లగ్ చౌక, అది కూర్చునే రంధ్రం ఖరీదు. సిలిండర్ హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) అల్యూమినియంతో చేసినది, ప్లగ్ మర ఉక్కుది. రెండూ పోట్లాడితే ఓడిపోయేది అల్యూమినియమే. ఆ రంధ్రంలోని మర చెడితే వందల రూపాయల పని వేల రూపాయల పనిగా మారుతుంది. కింద చెప్పబోయే జాగ్రత్తలలో చాలా వరకు ఆ మరను కాపాడుకోవడానికే.

కారు ఇంకా వారంటీలో ఉంటే మాత్రం ఈ పనిని కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించుకోవడం మంచిదని మా సలహా.

నా కారులో ఎన్ని ప్లగ్‌లు ఉంటాయి? డీజిల్ కారుకు కూడా ఉంటాయా?

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. అందులో గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కడం వల్ల ఇంధనం దానంతటదే అంటుకుంటుంది. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేయడానికి తోడ్పడే గ్లో ప్లగ్‌లు వేరు, వాటి పని వేరు.

పెట్రోలు కారుకు సాధారణంగా సిలిండర్‌కు ఒక ప్లగ్ ఉంటుంది. మూడు సిలిండర్ల ఆల్టో కే10కు మూడు, నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ కే-సిరీస్ ఇంజిన్‌కు నాలుగు. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. 2003లో మన దేశానికి వచ్చిన హోండా సిటీలోని ఐ-డీఎస్‌ఐ ఇంజిన్‌కు సిలిండర్‌కు రెండు చొప్పున మొత్తం ఎనిమిది ప్లగ్‌లు ఉంటాయి, వెనక వరుసలోని నాలుగింటికి చెయ్యి అంత సులువుగా అందదు. అటువంటి బండితో ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టకపోవడమే మేలు.

ప్లగ్‌లు మార్చవలసిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే నమ్మదగినది కారుతో ఇచ్చిన మాన్యువల్‌లోని సర్వీసు పట్టిక. మామూలు నికెల్ ప్లగ్‌లు సుమారు 30 నుంచి 40 వేల కిలోమీటర్ల వరకు, ఇరిడియం ప్లగ్‌లు లక్ష కిలోమీటర్ల దాకా పనిచేస్తాయన్నది సాధారణ అంచనా. మీ బండికి కంపెనీ చెప్పిన అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించాలి.

ప్లగ్ ఒక్కసారిగా చచ్చిపోవడం అరుదు, అది మెల్లగా అరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో ప్లగ్ సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ వేస్తుంది. ప్రతి రవ్వకూ లోహం కంటికి కనిపించనంత కొద్దిగా ఎగిరిపోతుంది, రెండు కొనల మధ్య ఎడం పెరుగుతుంది. ఎడం పెరిగిన కొద్దీ దాన్ని దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ భారమంతా కాయిల్ మీద పడుతుంది. ప్లగ్‌లు మార్చకుండా సాగదీసిన బండ్లలో కాయిల్ కూడా కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మనకు తెలిసివచ్చే లక్షణాలు ఇవి: పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టవలసి రావడం, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణకడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం, మైలేజీ పడిపోవడం, యాక్సిలరేటర్ నొక్కితే మిస్సింగ్ (మధ్యమధ్య సిలిండర్‌లో ఇంధనం అంటుకోకపోవడం) కొట్టడం. ఇవన్నీ ప్లగ్ వల్లనే రావాలని లేదు. కాయిల్, ఇంజెక్టర్, ఎయిర్ ఫిల్టర్, గాలి లీకేజీ ఏదైనా కారణం కావచ్చు. ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే పరికరం) అందుబాటులో ఉంటే ఒకసారి చూడడం మంచిది. పి0301 అన్న కోడ్ వస్తే మొదటి సిలిండర్‌లో, పి0302 వస్తే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ ఉందని అర్థం. పి0300 వస్తే అది ఒక్క సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం.

మిస్సింగ్ ఉన్నా కొన్నాళ్లు అలాగే నడపవచ్చా?

నడపవద్దు. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే భాగంలో) మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగి పాడవుతుంది, దాని ధరతో పోలిస్తే ప్లగ్‌ల ధర లెక్కలోకే రాదు. చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఉండడం ఒక ఎత్తు, అది ఆరుతూ వెలుగుతూ ఉండడం మరొక ఎత్తు. రెండోది కనిపిస్తే బండిని పక్కకు తీసి ఆపడమే సరైన పని.

నికెల్ కొనాలా, ఇరిడియం కొనాలా?

కంపెనీ మీ ఇంజిన్‌కు ఏది వేసిందో అదే కొనండి. ఇరిడియం చాలా గట్టి లోహం, దాని ద్రవీభవన స్థానం సుమారు 2,450 డిగ్రీల సెల్సియస్. కాబట్టి మధ్య కొనను సన్నని తీగలా చేసినా త్వరగా అరగదు, సన్నని కొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజికే దూకుతుంది. కంపెనీ నుంచి ఇరిడియంతో వచ్చిన ఇంజిన్‌లో డబ్బు మిగుల్చుకోవడానికి నికెల్ వేయడం సరికాదు. నికెల్‌తో వచ్చిన ఇంజిన్‌లో సరైన నంబరు ఇరిడియం వేస్తే ఎక్కువకాలం మన్నుతుంది. పికప్, మైలేజీ అమాంతం పెరుగుతాయని దుకాణంలో చెప్పే మాటను మాత్రం నమ్మి కొనవద్దు. అరిగిన ప్లగ్ తీసి కొత్త నికెల్ ప్లగ్ వేసినా దాదాపు అదే తేడా కనిపిస్తుంది.

ప్లగ్ మీద ఉన్న అక్షరాలు, అంకెలు దేనిని సూచిస్తాయి?

అవి ప్లగ్ కొలతలు. ఎన్‌జీకే వారి ‘బీకేఆర్6ఈ-11’ను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి రెండు అక్షరాలు 14 మిల్లీమీటర్ల మరను, 16 మిల్లీమీటర్ల పానా పట్టే షట్కోణాన్ని సూచిస్తాయి. ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉందని అర్థం. అది లేని ప్లగ్ వేస్తే రేడియోలో గరగర రావచ్చు, ఇంజిన్ కంప్యూటర్‌కు కూడా ఇబ్బంది కలగవచ్చు. ‘6’ అనేది హీట్ రేంజ్, ‘ఈ’ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, చివరి ‘11’ అంటే గ్యాప్ (రెండు కొనల మధ్య ఎడం) 1.1 మిల్లీమీటర్లు.

వీటిలో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నది హీట్ రేంజ్ దగ్గర. ప్లగ్ తన కొన నుంచి వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌కు వదిలించుకోగలదో అది చెబుతుంది. ఎన్‌జీకేలోనూ డెన్సోలోనూ అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెరిగితే ప్లగ్ వేడిది. కాబట్టి ఒక కంపెనీ అంకెను పట్టుకొని మరొక కంపెనీ ప్లగ్ ఎంచుకోవడం తగదు. తయారీదారులు ఇచ్చే సరిపోలిక పట్టికను చూడాలి. మర పొడవు తేడా వస్తే ప్రమాదం ఇంకా పెద్దది. పొడవు ఎక్కువైన ప్లగ్ పిస్టన్‌కు తగలవచ్చు.

ఎక్కడ కొనాలి? నకిలీలు ఉంటాయా?

ఉంటాయి. పెట్టె మీద ముద్రణ అచ్చం అసలుదానిలాగే ఉన్నా, ప్లగ్ చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. అసలు ప్లగ్‌లో పింగాణీ నునుపుగా ఉంటుంది, మర అంచులు శుభ్రంగా ఉంటాయి, పక్క కొన సరిగ్గా మధ్య కొన మీదికి వంగి ఉంటుంది, వాషర్ వేళ్లతో తిప్పితే ఊడి రాదు. కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర గానీ కొనడం క్షేమం. మైకో ప్లగ్ ఇవ్వమని అడిగే పెద్దవారు ఇప్పటికీ ఉన్నారు. 1951లో మొదలైన ఆ మైకో కంపెనీయే 2008 నుంచి బాష్ లిమిటెడ్ పేరుతో నడుస్తోంది, కాబట్టి వారు బాష్ పెట్టె చూసి వెనుకాడనక్కర్లేదు.

ఏయే పనిముట్లు కావాలి?

కాయిల్ బోల్టు విప్పడానికి పది నంబరు సాకెట్, చాలా కార్లకు సరిపోయే 16 మిల్లీమీటర్ల ప్లగ్ సాకెట్, పొడవైన ఎక్స్‌టెన్షన్ రాడ్, రాట్చెట్ (సాకెట్‌ను తిప్పే పిడి), గ్యాప్ కొలిచే వైర్ గేజ్, దుమ్ము ఊదడానికి సైకిల్ పంపు, కొంచెం బనియన్ వేస్ట్. ప్లగ్ సాకెట్ లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది కొనండి. అది ప్లగ్‌ను పట్టుకొని పైకి తెస్తుంది, పింగాణీకి దెబ్బ తగలనివ్వదు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే చాలా మంచిది. లేకపోయినా పని చేసే పద్ధతి కింద చెప్పాం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలా?

పూర్తిగా చల్లారాలి. రాత్రి నిలిపిన బండి మీద పొద్దున్నే పని చేయడం అన్నిటికంటే మంచిది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వేడి మీద ప్లగ్ విప్పితే మెత్తబడిన మర గీసుకుపోయే ప్రమాదం ఉంది. చెయ్యి కాలడం అటుంచి, అసలు భయం ఇదే.

కాయిల్, ప్లగ్ ఏ క్రమంలో విప్పాలి?

తాళం తీసేయండి, హ్యాండ్ బ్రేక్ వేయండి. పైన ప్లాస్టిక్ కవర్ గానీ ఎయిర్ ఫిల్టర్ పెట్టె గానీ అడ్డుగా ఉంటే దాన్ని తీయండి. ఆపైన ఒక సిలిండర్ పని పూర్తయ్యాకే రెండో సిలిండర్‌కు వెళ్లండి. అలా చేస్తే కాయిల్స్ తారుమారు కావు, తెరిచి ఉన్న రంధ్రంలో ఏదో ఒకటి పడే అవకాశమూ తగ్గుతుంది.

కాయిల్ కనెక్టర్‌కు చిన్న లాక్ నాలుక ఉంటుంది. దాన్ని నొక్కి కనెక్టర్‌ను లాగాలి, వైర్లు పట్టుకొని లాగకూడదు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, తొందరపడితే పుటుక్కున విరుగుతుంది. బోల్టు తీశాక కాయిల్‌ను ఎడమకూ కుడికీ కొద్దిగా తిప్పి, రబ్బరు పట్టు వదిలాక నిటారుగా పైకి లాగాలి.

ఇప్పుడు ప్లగ్ గొయ్యిలోకి టార్చి వేసి చూడండి. మట్టి, ఇసుక కనిపిస్తే పంపుతో ఊదండి. ప్లగ్‌ను పావు చుట్టు మాత్రమే వదులు చేసి మళ్లీ ఒకసారి ఊదండి, ఎందుకంటే ప్లగ్ అంచు చుట్టూ అతుక్కుని ఉన్న దుమ్ము అప్పుడే కదులుతుంది. ప్లగ్ పూర్తిగా తీసేశాక ఊదితే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. గొయ్యిలో నూనె నిలిచి ఉంటే వాల్వ్ కవర్ సీలు కారుతోందని అర్థం. ఆ నూనెను వేస్ట్‌తో తుడిచాకే ప్లగ్ తీయాలి, సీలు సంగతి తర్వాత మెకానిక్‌కు చూపించాలి.

ప్లగ్ గట్టిగా పట్టుకుపోయి కదలడం లేదు. ఏం చేయాలి?

రాడ్డుకు పైపు తగిలించి బలం పెంచవద్దు. మర మొదట్లోకి కొద్దిగా తుప్పు వదిలించే ఆయిల్ చుక్కలు వేసి, కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, ఇలా ముందుకూ వెనక్కూ కదిలిస్తూ తీయండి. కిచకిచలాడుతూ ప్రతి చుట్టుకూ ఇంకా బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి. మర పోయినా కొత్త మర తొడుగు వేసి సరిచేసే పనివారు ఆటోనగర్‌లలో ఉన్నారు గానీ, ప్లగ్ లోపల విరిగితే వారికి కూడా కష్టమే.

కొత్త ప్లగ్‌కు గ్యాప్ సరిచూడాలా?

చూడాలి, కానీ సరిచేయవలసిన అవసరం అరుదుగానే వస్తుంది. వైర్ గేజ్‌ను కొనల మధ్య మెల్లగా జార్చి కొలవండి. నాణెంలా గుండ్రంగా ఉండే గేజ్‌ను ఇరిడియం ప్లగ్‌లో ఎన్నడూ దూర్చవద్దు, సన్నని మధ్య కొన విరిగిపోతుంది. నికెల్ ప్లగ్‌లో సవరించాల్సి వస్తే పక్క కొనను మాత్రమే వంచాలి. చేతి నుంచి జారి నేల మీద పడిన ప్లగ్‌ను, పైకి ఏమీ కాలేదనిపించినా, వాడవద్దు. పింగాణీలో వెంట్రుకవాసి పగులు కంటికి కనిపించదు, బరువు మీద ఎక్కేటప్పుడు మిస్సింగ్ రూపంలో కనిపిస్తుంది.

ఎలా బిగించాలి? ఎంత బిగించాలి?

మొత్తం పనికి ఇదే కీలకం కాబట్టి వివరంగా చెబుతాం.

ప్లగ్‌ను సాకెట్‌లో పెట్టి, ఎక్స్‌టెన్షన్ రాడ్ మాత్రమే తగిలించి, రాట్చెట్ లేకుండా వేళ్లతో దించండి. కొన గొయ్యి గోడకు తగలకుండా నిటారుగా దించాలి. మర అంచు తగిలాక మొదట వెనక్కి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒకచోట ప్లగ్ చిన్నగా టక్కుమని కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడ రెండు మరల మొదళ్లు ఎదురెదురుగా వచ్చాయన్నమాట. అప్పుడు బిగించే దిశలో తిప్పడం మొదలుపెట్టండి. సరిగ్గా పడితే ప్లగ్ చివరిదాకా వేళ్ల బలంతోనే నూనె రాసినట్టు సాగిపోతుంది. ఒకటి రెండు చుట్లలోనే గట్టిగా అనిపిస్తే మర అడ్డంగా పడిందని గ్రహించి, వెంటనే వెనక్కి విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ దశలో పానా వాడనివారి చేతిలో మర చెడడం దాదాపు జరగదు. గొయ్యి లోతుగా ఉంటే ప్లగ్ తలకు బిగుతైన రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పడం ఇంకా మంచి ఉపాయం, మర అడ్డం పడితే గొట్టమే జారిపోతుంది.

వేళ్లతో చివరిదాకా వచ్చాకే రాట్చెట్ తగిలించాలి. టార్క్ రెంచ్ ఉంటే అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల మర, వాషర్ ఉన్న ప్లగ్‌కు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకు 15 నుంచి 20. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టార్క్ రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్‌ను వేళ్ల బిగుతు తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు దాకా తిప్పాలి. ఆ తిప్పుడుకు వాషర్ నలిగి సరిగ్గా కూర్చుంటుంది. వాషర్ లేకుండా ఏటవాలు అంచు ఉన్న ప్లగ్ అయితే చుట్టులో పదహారో వంతు చాలు.

ఎక్కువ బిగిస్తే మర సాగుతుంది, ప్లగ్ లోపలి సీలు కూడా వదులవుతుంది. తక్కువ బిగిస్తే కూడా నష్టమే, దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్లగ్ వేడిలో ఎక్కువ భాగం మర ద్వారా, వాషర్ ద్వారానే హెడ్‌లోకి పోవాలి. అక్కడ వదులుగా ఉంటే ప్లగ్ కొన కాగిపోయి, రవ్వ రాకముందే పెట్రోలును అంటించి, పిస్టన్‌కు ముప్పు తెస్తుంది.

మరకు గ్రీజు రాయవచ్చా?

ఈ రోజుల్లో చాలా ప్లగ్‌ల మరకు తుప్పు పట్టని పూత ఉంటుంది, అందుకే రాయవద్దని ఎన్‌జీకే వంటి తయారీదారులు చెబుతున్నారు. జారుడు పెరిగితే అదే టార్క్‌కు ప్లగ్ మోతాదు మించి బిగుసుకుంటుంది. కాయిల్ రబ్బరు లోపలి అంచుకు మాత్రం కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటును పోనివ్వని గ్రీజు) రాయవచ్చు, వచ్చేసారి రబ్బరు తేలిగ్గా వస్తుంది.

తీసిన పాత ప్లగ్‌లను చూసి ఏం తెలుసుకోవచ్చు?

చాలా తెలుసుకోవచ్చు. సొంతంగా ఈ పని చేయడంలో అన్నిటికంటే పెద్ద లాభం ఇదేనని మా అభిప్రాయం. గ్యారేజీలో తీసిన ప్లగ్‌లు చెత్తబుట్టలోకి పోతాయి, ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో యజమాని చూడలేకపోతాడు. ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో గుర్తు ఉండేలా వరుసగా ఒక కాగితం మీద పేర్చి, ఎండలో చూడండి.

మధ్య పింగాణీ ముక్కు లేత గోధుమ లేదా బూడిద రంగులో పొడిగా ఉంటే మంట సరిగ్గా ఉంది. మధ్య కొన అంచులు పదునుగా ఉండక గుండ్రంగా మారి ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి అంటే పొడి నల్లని మసి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువవుతోందని అర్థం, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో కూడా ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ఇలాంటి మసి చేరుతుంది. నల్లగా, తడిగా, నూనె జిడ్డుతో ఉంటే పిస్టన్ రింగులు లేదా వాల్వ్ సీళ్ల దారిన ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. ఈ జబ్బు కొత్త ప్లగ్‌తో పోదు. తెల్లగా, పొక్కులు లేచి ఉంటే ఆ సిలిండర్ అతిగా వేడెక్కుతోంది. పెట్రోలు చాలకపోవడం, తప్పు హీట్ రేంజ్, ప్లగ్ వదులుగా ఉండడం, కూలింగ్ లోపం వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

నాలుగూ ఒకేలా ఉన్నాయా, ఒక్కటే తేడాగా ఉందా అన్నది మరీ ముఖ్యం. నాలుగూ నల్లబడితే ఇంజిన్ మొత్తానికి సంబంధించిన కారణం వెతకాలి, ఒక్కటే నల్లబడితే ఆ సిలిండర్ కాయిల్‌నో ఇంజెక్టర్‌నో అనుమానించాలి. పింగాణీ పై భాగంలో, లోహపు అంచుకు ఆనుకొని కనిపించే గోధుమ రంగు మరకను చూసి గ్యాస్ లీకవుతోందని కంగారు పడనవసరం లేదు. ఎక్కువ వోల్టేజి వల్ల గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకుంటాయి, దానితో నష్టం లేదు.

పాత ప్లగ్‌లను ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ వాడవచ్చా?

స్కూటర్ల కాలం నుంచి మనకు వచ్చిన అలవాటు ఇది. దారిలో బండి ఆగినప్పుడు నికెల్ ప్లగ్‌కు అలా చేస్తే ఇల్లు చేరవచ్చు. కానీ రుద్దడం వల్ల అరిగిన అంచు పదునెక్కదు, పైగా రాలిన గరుకు రేణువులు సిలిండర్‌లోకి పోతాయి. ఇరిడియం, ప్లాటినం ప్లగ్‌లను మాత్రం అసలు రుద్దకూడదు.

సీఎన్‌జీ బండికి ఏమైనా తేడా ఉందా?

ఉంది. పెట్రోలు, గాలి మిశ్రమం కంటే సీఎన్‌జీ మిశ్రమాన్ని అంటించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అందువల్ల ప్లగ్‌లు, కాయిల్స్ మీద ఒత్తిడి ఎక్కువ. పెట్రోలుతో హాయిగా నడిచి, సీఎన్‌జీకి మారగానే జర్కులిచ్చే బండిలో ముందు చూడవలసింది ప్లగ్‌లనే. కంపెనీ బిగించిన సీఎన్‌జీ మోడల్‌కు ప్లగ్ నంబరు, గ్యాప్ వేరుగా ఉండవచ్చు కాబట్టి ఆ మోడల్ మాన్యువల్‌నే చూడాలి. పని మొదలుపెట్టే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసేయండి. గ్యాస్ వాసన వస్తుంటే ఏ పానా ముట్టకుండా సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడి కార్లకు ఇది వర్తిస్తుందా?

కొరోలా వంటి నాలుగు సిలిండర్ల కార్లకు అక్షరాలా వర్తిస్తుంది. వాటికి టొయోటా చెప్పే గడువు లక్షా ఇరవై వేల మైళ్లు, కాబట్టి పాత కారు కొన్నవారు ప్లగ్‌లు ఎప్పుడు మార్చారో సర్వీసు రికార్డులో చూసుకోవాలి. 2020 మోడల్ వరకు వచ్చిన సియెనా వంటి వీ6 (ఆరు సిలిండర్లు రెండు వరుసలుగా ఉండే) బండ్ల సంగతి వేరు, వెనక వరుస ప్లగ్‌లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) కింద దాగి ఉంటాయి, అది మొదటిసారి చేసేవారి పని కాదు. పనిముట్లు కొనాలని లేదు, ఆటోజోన్ వంటి దుకాణాలు డిపాజిట్ తీసుకొని అరువిస్తాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మరమ్మతులకు అనుమతి ఉందో లేదో లీజులో ముందే చూసుకోండి.

ప్లగ్‌లు మార్చాక ఇంజిన్ ముందుకంటే ఎక్కువగా వణుకుతోంది. ఎక్కడ తప్పు జరిగింది?

ఇంజిన్ ఆపండి. నూటికి తొంభై పాళ్లు ఏదో ఒక కాయిల్ కనెక్టర్ టక్కుమని లాక్ పడేదాకా వెళ్లి ఉండదు, లేదా కాయిల్ రబ్బరు ప్లగ్ తల మీద పూర్తిగా కూర్చుని ఉండదు. రెండూ మళ్లీ నొక్కి చూడండి. వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) ఉన్న పాత బండి అయితే వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. పాత మూడు సిలిండర్ల మారుతి 800లో రవ్వ పడే వరుస 1-3-2, చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో 1-3-4-2.

అప్పటికీ ఒక సిలిండర్‌లో మిస్సింగ్ కొడుతుంటే, అనుమానం ఉన్న కాయిల్‌ను పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చి పెట్టి, స్కానర్‌తో మళ్లీ చూడండి. కోడ్ కాయిల్‌తో పాటు పక్క సిలిండర్‌కు మారితే కాయిల్ పోయింది. కోడ్ ఉన్నచోటే ఉంటే ఆ ప్లగ్‌ను తీసి, పింగాణీకి పగులు వచ్చిందేమో చూడండి. ఇంజిన్ మళ్లీ చల్లారేదాకా ఆగిన తర్వాతే ఆ ప్లగ్ మీద పానా పెట్టండి.